కాలయంత్రమెక్కిన నే దినమునకు పోవుదుము?

“ఆనాడట్లు జరుగకుండిన నెంత బాగుండెడిది!” అని యెన్నడు ననుకొనని స్త్రీ యుండదేమో. చింతపండు గింజలు తీయునప్పుడును, వేరుసెనగకాయ లొలుచునప్పుడును, చేతులు తమ పని తాము చేసికొనుచుండగా మనస్సు మెల్లగా వెనుకకు నడచును. ఒకతె తన పెండ్లిచూపుల నాటికి పోవును. ఒకతె పుట్టింటి పంపకముల నాటికి పోవును. ఒకతె, వైద్యుని పిలుచుటకు తెల్లవారనిమ్మని యింటివారు ఆగిన రాత్రికి పోవును. అక్కడ నిలిచి, జరిగినదానిని చెరిపి, వేరొక విధముగా వ్రాసికొని, కొంతసేపు సుఖించి, పొయ్యిమీది పాలు పొంగిన వాసనకు తిరిగి వచ్చును. ఈ ప్రయాణమునకు బండి యక్కరలేదు, టిక్కెట్టు నక్కరలేదు, ఫలమును లేదు.

ఆ మనోరథమునకు నిజముగానే రథమొకటి దొరికినచో నేమగును? ఈ ప్రశ్నను ముందిడుకొని తెలుగులో నొక చలనచిత్రము వచ్చినది. దాని పేరు “ఆదిత్య 369”. శ్రీ సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 1991 జూలై 18వ తేదీన వెలువడినది. శ్రీ శివలెంక కృష్ణప్రసాద్‌గారు నిర్మించిరి. గాయకులు శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు సమర్పకులై వెన్నుదన్నుగా నిలిచిరి. సంగీతము ఇళయరాజాగారిది, సంభాషణలు జంధ్యాలగారివి. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1895లో ప్రకటించిన “ది టైమ్ మెషీన్” అను నవల తమకు ప్రేరణమని దర్శకులు చెప్పియున్నారు. కంప్యూటరుతో బొమ్మలు కల్పించు విద్య మనవారికి చక్కగా చేతికి రాని దినములలో ముఖ్యముగా సెట్ల నిర్మాణముతోను, ఛాయాగ్రాహకుల నేర్పుతోను మూడు కాలములను కన్నులకు కట్టించిన సాహసమది. 2025 ఏప్రిల్ 4వ తేదీన మెరుగులు దిద్దుకొని ఆ చిత్రము మరల ప్రదర్శనశాలలకు వచ్చినది. ఆ సందడి పత్రికలలో చూచి, ఆ వేసవిలో నొక రాత్రి మేమును మా యింటి టీవీ ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచితిమి.

చూడని సోదరీమణుల కొరకు కథను క్లుప్తముగా చెప్పెదము. రామదాసు అను శాస్త్రజ్ఞుడు కాలమున ముందునకును వెనుకకును పోగల యంత్రమొకటి నిర్మించును. ఆయన కుమార్తె హేమ. ఆమె వలచినవాడు కృష్ణకుమారుడు. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో నున్నట్లు కల్పించిన రాయలనాటి వజ్రమొకటి దొంగల పాలగును. ఆ దొంగతనమును కన్నులార చూచిన బాలుడొకడు ఆపదలో పడును. కథ పెరిగి పెరిగి, కృష్ణకుమారుడును హేమయు, వారితోపాటు ఒక పోలీసు జవానును ఆ యంత్రమెక్కి క్రీ. శ. 1526వ సంవత్సరమున విజయనగరమున దిగుదురు. అక్కడ శ్రీకృష్ణదేవరాయల కొలువు, తెనాలి రామకృష్ణుని చమత్కారము, రాజనర్తకి సింహనందిని యాట. కృష్ణకుమారుడును రాయలును ఒక్కరే, శ్రీ నందమూరి బాలకృష్ణగారు, హేమ మోహినిగారు, రామకృష్ణుడు చంద్రమోహన్‌గారు. ఆ కొలువులో నిందలోను ప్రాణాపాయములోను చిక్కి బయటపడి, పిమ్మట 2504వ సంవత్సరమునకు పోవుదురు. అప్పటికి ప్రపంచయుద్ధము వలన నేలపైన గాలియు నీరును చెడి, మనుష్యులు భూగర్భమున నివసించుచుందురు. తుదకు తమ కాలమునకు తిరిగి వచ్చి దుష్టునెదుర్కొందురు.

రాయలవారిని తెరపై చూచినప్పుడు మా సీమవారికి కలుగు ఆదరము వేరు. 1800వ సంవత్సరమున నిజాము మా జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసెను. ఆ కారణమున చాలకాలము మమ్ము దత్తమండలములవారనిరి. ఇచ్చివేయబడినవారమను అర్థముగల ఆ పేరు మావారికి రుచింపలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ యను పేరు నిలిచినది. కావున ఆ ప్రభువు మాకు చరిత్ర పుస్తకములోని రాజు మాత్రమే కాడు. మా నేలకు ఇంటిపేరైనవాడు. ఆయన కొలువులోనికి ఈ కాలపు మనుష్యుడొకడు నడచిపోగానే, చూచువారి గుండెలో “చెప్పవయ్యా, ముందు జరుగబోవునది చెప్పివేయుము!” అను మాట మెదలును.

చరిత్ర బోధించు ఉపాధ్యాయులగుటచే మావారికి ఆ కోరిక మరింత బలముగా కలిగినది. 1526 అనగా రాయల నిర్యాణమునకు మూడేండ్లు ముందు. తళ్లికోట యుద్ధమునకు ముప్పదితొమ్మిదేండ్లు ముందు. 1565లో జరిగిన ఆ యుద్ధమున రామరాయలు మడిసెను. విజయనగరము కొల్లపోయి పాడువడెను. “కృష్ణకుమారుడు ఒక్క మాట చెప్పియుండిన, సుల్తానులు నలువురు ఒక్కటి కాకుండ ముందే జాగ్రత్తపడియుందురు. మన సీమ చరిత్రయే వేరుగా నుండెడిది” అని మావారనిరి. ఆ చిత్రకథ ఆ దారిని పోలేదు. విజయనగరమును కాపాడుట దాని యుద్దేశము కాదు. యంత్రమెక్కినవారు వచ్చిరి, చూచిరి, పోయిరి. హంపి శిథిలములు శిథిలములుగనే యున్నవి.

మాకు మాత్రము వేరొక తలంపు కలిగినది. ఆ యంత్రమును రాయలవారికే యిచ్చి, “ప్రభూ, తమకు కావలసిన దినమునకు పోయి రండు” అనిన, ఆయన యెక్కడికి పోయియుందురు? రాబోవు 1565కు కాదని మా మనస్సు చెప్పినది. ఆయనకు తిరుమలరాయలను కుమారుడొకడు కలిగెను. 1524లో, ఆరేండ్ల యీడున, తండ్రి బ్రతికియుండగనే ఆ బిడ్డకు పట్టము కట్టిరి. ఆ యుత్సవముల నెలలలోనే బిడ్డ జబ్బుపడి మరణించెనని, తరువాత విజయనగరమున నివసించిన నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసెను. ఎవరో విషమిచ్చిరని రాజు చెవిని బడినదట. తన్ను పెంచి సింహాసన మెక్కించిన వృద్ధమంత్రి తిమ్మరుసును, అతని కొడుకు చేసిన పని యను అనుమానముతో చెరబెట్టి, కన్నులు తీయించెనట. చిత్రములోని 1526వ సంవత్సరము ఆ దుఃఖమునకు రెండేండ్లు కూడ నిండని కాలము. తెరమీద కొలువు వెలిగిపోవుచుండగా మాకు ఆ బిడ్డ పడకయే కనబడుచుండెను. సామ్రాజ్యమేలిన ప్రభువునకైనను వెనుకకు పోవలెనను కోరిక కలుగునెడల, అది యొక గదిలోని యొక పడక చెంతకే గదా!

ఈ విషయమును మేమిట్లు మనసున పెట్టుకొనుటకు మా యింటిలోని కారణమొకటి కలదు. మా యమ్మాయి ఆ వేసవికే పదవ తరగతి పరీక్షలు వ్రాసియుండెను. మంచి మార్కులు వచ్చునని ఉపాధ్యాయులు చెప్పుచుండిరి. మా జిల్లాలోనే ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము కలదు. గ్రామముల బిడ్డలను దృష్టిలో నుంచుకొని 2008లో నెలకొల్పినది. పదవ తరగతి కాగానే చేరినవారు ఆరేండ్లు అక్కడనే యుండి ఇంజనీరింగు పూర్తిచేసికొని రావచ్చును. దరఖాస్తు పెట్టెదనని పిల్ల పట్టుబట్టెను. మావారు ఔననలేదు, కాదనలేదు; “చూతము” అనిరి. మా అత్తగారు మాత్రము ససేమిరా యనిరి. “ఆరేండ్లు పరాయిచోట ఆడపిల్లను విడిచిపెట్టుదురా? ఊరిలోనే కాలేజీ లేదా? ఇంటిపట్టున నుండి చదువుకొనరాదా?” అని వారి వాదము. ఇంటిలో నొకరితో నొకరు నిండుగా మాటలాడి పది దినములైనది. అట్టి సమయమున ఈ చిత్రము మా యింటి తెరమీదికి వచ్చినది.

చిత్రము ముగిసిన పిమ్మట అందరమును మిద్దెపైకి పోయి చాపలు పరచుకొంటిమి. పొరుగింటి యామె కూడ మాతో వచ్చెను. అమ్మాయి ఆకసమువైపు చూచుచు, “ఆ యంత్రము మనకు దొరికిన ఒక్కొక్కరు ఏ దినమునకు పోవుదురో చెప్పవలెను” అని ఆటగా మొదలుపెట్టెను.

పొరుగామె క్షణమైన నాలోచింపలేదు. 2021 నవంబరులో పాపఘ్నికి వచ్చిన వరదను మా ఊరివారెవరును మరువలేదు. కడపకు పోవు దారిలోని వంతెన ఆ నీటికి కూలినది. ఆమెకున్న యొక్క చేను ఏటియొడ్డుననే కలదు. అది ఇసుకమేట వేసినది. “నేను ఆ వరదకు మూడు దినములు ముందు దిగుదును. చేతికి వచ్చిన పైరు కోసికొని, మోటారు విప్పుకొని గట్టుకు చేరుదును. అంతకన్న నాకేమియు వలదు” అనెను. ఆ కోరికలోని మితమునకు మేమాశ్చర్యపడితిమి. వరద రాకుండ చేయుదునని ఆమె యనలేదు. తన పైరు, తన మోటారు, మూడు దినముల గడువు, ఇంతే.

తరువాత అమ్మాయి “నీవో అవ్వా?” అనెను. అత్తగారు చాలసేపు పలుకలేదు. నిద్రపోయిరేమో యనుకొంటిమి. అప్పుడు మెల్లగా చెప్పిరి. వారికి పదునొకండేండ్ల నాటి మాట; 1970 ప్రాంతము. వారి పల్లెలో అయిదవ తరగతి వరకే బడి. ఆరవ తరగతికి పొరుగూరికి నడచిపోవలెను. తండ్రి వలదనెను. బడిపంతులు ఇంటికి వచ్చి, “లెక్కలలో మగపిల్లలకన్న మిన్న, పంపుడయ్యా” అని బ్రతిమాలుచుండగా, ఈమె తలుపు చాటున నిలిచి విన్నారట. తండ్రి లోపలికి తిరిగి, “ఏమ్మా, పోతావా?” అని ఒక్కసారి యడిగెనట. ఈమె నోట మాట రాలేదట. “చూచితిరా, దానికే యిష్టము లేదు” అని తండ్రి పంతులుగారిని సాగనంపెనట. “నేను ఆ దినమునకు పోయి ఆ తలుపు చాటున నిలిచెదను. ‘నాయనా, నేను చదువుకొంటాను’ అని ఆ ఒక్క మాట చెప్పి వచ్చెదను” అనిరి అత్తగారు.

పదునారేండ్ల నుండి ఆ యింట మేము కోడలుగా మెలగుచున్నను, ఈ సంగతి మాకు తెలియదు. మావారికిని తెలియదు. వారు మిద్దెగోడ నానుకొని నిలిచి, తల వంచుకొని వినుచుండిరి.

అమ్మాయి మాత్రము లెక్కల బుద్ధి కలది. కొంత యోచించి, “అవ్వా, నీవట్లు చెప్పియుండిన తాత నిన్ను పంపును. నీవు పెద్ద చదువులు చదివి పంతులమ్మవై ఏ ఊరికో పోయియుందువు. అప్పుడు మా తాతను పెండ్లి చేసికొందువా? చేసికొనకున్న మా నాయన పుట్టడు. మా నాయన పుట్టకున్న నేనుండను గదా! ఇప్పుడు నిన్నీ మాట యడుగువారే లేకపోదురు” అనెను. ఇట్టి చిక్కును గూర్చి శాస్త్రజ్ఞులును కథకులును గ్రంథములే వ్రాసిరట. వెనుకటి కాలమునకు పోయి తన తాతనే లేకుండ చేసినవాడు పుట్టుటెట్లు, పుట్టనివాడు పోవుటెట్లు అని వారి ప్రశ్న. మా మిద్దెపైన ఆ ప్రశ్నను వేసినది తాతను గూర్చి కాదు, అవ్వను గూర్చి. అడిగినది ఆమె చేయి పట్టుకొని పరుండిన మనుమరాలు.

అత్తగారు ఆ పిల్ల తల నిమిరి, “అట్లయిన పోనులేవే” అనిరి. అంతకుమించి ఆ రాత్రి మాటలాడలేదు.

“అమ్మా, నీవు చెప్పలేదు” అని అమ్మాయి మమ్ము నడిగెను. “ప్రొద్దుపోయినది, పడుకొనుము” అని మాట మార్చితిమి. సోదరీమణులతో చెప్పుటకు మాకు సంకోచము లేదు. ఈ పిల్లకు ముందు మాకొక మగబిడ్డ కలిగి, పదునొకండవ దినమున పోయెను. మాకు వెనుకకు పోవలసిన దినమొకటున్నయెడల, అదే. కాని ఆ బిడ్డ బ్రతికి మా యొడిలో పాలు త్రాగుచుండిన, ఏడాది తిరుగకమునుపే ఈ పిల్ల మా కడుపున పడియుండునా? ఆ బిడ్డను కోరుట ఈ బిడ్డను వలదనుటయా? ఏ తల్లి ఆ యంత్రమెక్కి ఆ మీట నొక్కగలదు? ఆ రాత్రి నక్షత్రములు వాలువరకు మాకు నిద్ర పట్టలేదు. అయినను ఏండ్లుగా మాలోపల కదలుచుండిన యొక రాయి, ఆనాడు ఒకచోట కుదురుకొన్నట్లు తోచినది. ఆ దుఃఖము తప్పు కాదు. దానిని చెరిపివేయవలెనను కోరికనే విడువవలసియున్నది.

మా జిల్లాలో మగ్గముల పని చూచినవారికి ఈ సంగతి సులభముగా తెలియును. చీర సగము నేసిన పిమ్మట వెనుక నొక పోగు వంకరగా పడినదని కనబడును. దానిని పట్టి లాగిన, ఆ పోగొక్కటే రాదు. దానిమీద నేసిన పువ్వును చెదరును, అంచును వదులగును. గడచిన కాలమును అట్టిదే. మనము ద్వేషించు దినమును, ప్రేమించు మనుష్యులును ఒక్క నేతలోనివారు.

మరి మన పూర్వులు కాలప్రయాణమును గూర్చి యోచింపలేదా యనిన, యోచించిరి. బాల్యమున మా తండ్రిగారు మాకు భాగవతము చెప్పునప్పుడు నవమస్కంధములోని కకుద్మి కథను విశేషముగా చెప్పెడివారు. రైవతుడను పేరును గల ఆ రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవడని యడుగుటకు ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము జరుగుచుండగా, ముగిసిన పిమ్మట అడుగుదమని క్షణకాలము నిలిచెను. అడుగగనే బ్రహ్మ నవ్వెనట. ఆ క్షణములో భూమిపైన ఇరువదియేడు మహాయుగములు గడచిపోయెను; రాజు మనసున నెంచుకొన్న వరులును లేరు, వారి మనుమలును లేరు. రాజు తిరిగి వచ్చి కూతురును బలరామున కిచ్చెను. ఈ కథలో ముందునకు పోవుట కలదు. పోయిన కాలమునకు మరలి వచ్చుట లేదు. ఆడపిల్ల విషయమున పెద్దలు “కొంచె మాగి చూతము” అని నిలిచిన క్షణమెంత పొడవో కూడ ఈ కథలో కలదు. దరఖాస్తు గడువు దగ్గరపడుచుండగా మాకీ కథ మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండెను.

నేటి శాస్త్రమును ఇంచుమించు అట్లే చెప్పుచున్నది. వేగముగా పోవువాని గడియారము మెల్లగా నడచునని ఐన్‌స్టీను 1905లో చెప్పెను. 1971లో హాఫెలె, కీటింగ్ అను నిరువురు అణుగడియారములను విమానములలో నుంచి భూమిచుట్టు త్రిప్పి చూడగా, నేలమీది గడియారములతో వానికి తేడా వచ్చినది. సెకనులో నూరుకోట్లవ వంతులతో లెక్కింపదగిన తేడా. మన చేతిఫోనులకు దారి చూపు ఉపగ్రహములలోని గడియారములు దినమునకు సుమారు 38 మైక్రోసెకనులు ముందునకు పరుగెత్తును. దానిని సవరించుచుండనిచో ఫోను చూపు దారి మైళ్లకొలది తప్పును. ముందునకు కొంచెము వేగముగనో, కొంచెము మెల్లగనో పోవుట కలదు. వెనుకకు నడచిన గడియారము మాత్రము ఇంతవరకొక్కటియు లేదు.

రెండు దినములు గడచెను. మూడవనాటి ప్రొద్దున మావారు వాకిట అరుగుపై కూర్చుండి పత్రిక చదువుచుండిరి. అత్తగారు వంటయింటిలో సంగటి గెలుకుచున్న తెడ్డును మా చేతికిచ్చి, చేతులు కడుగుకొని, బయటకు పోయిరి. మేము కిటికీనుండి వింటిమి. “అబ్బీ! నేను మా నాయనకు చెప్పవలసిన మాటయొకటి మిగిలిపోయినది. ఆయన లేడు. ఈ పిల్ల నాయన ఎదురుగనే కూర్చున్నాడు గదా, అతనికి చెప్పుచున్నాను. పిల్ల చదువుకొంటుంది. పంపు” అనిరి.

మావారు పత్రిక మడచి లేచి నిలిచిరి, ఏమియు ననలేదు. ఆ మధ్యాహ్నమే దరఖాస్తునకు కావలసిన కాగితములు సమకూర్చుటకు బయలుదేరిరి.

అత్తగారికి ఇది సులభమైన మాట యని పాఠకురాండ్రు తలపవలదు. ఆ పిల్ల లేక వారికి ప్రొద్దుపోదు. రాత్రి మాత్రలు చదివి యిచ్చునది ఆ పిల్లయే. వారి భయములును తొలగిపోలేదు. “పరాయిచోట” అను మాట ఆ తరువాతను పలుమార్లు వారి నోట వచ్చినది. భయపడుచునే పంపుమనిరి. యాబదియేండ్ల క్రిందట తలుపు చాటున మ్రింగివేసిన మాటను తీసికొనివచ్చి, అది చెల్లుబడియగు చోట పలికిరి.

మావారు అప్పుడు చెప్పిన సంగతి యొకటి మాకు నచ్చినది. మా కమలాపురమునకు సమీపముననే ఎఱ్ఱగుడిపాడు, కలమళ్ల యను ఊళ్లు కలవు. కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిదనియు, తెలుగున దొరికిన తొలి శాసనములలో మొదట నెన్నదగినదనియు పండితులు చెప్పుదురు. దానమిచ్చిన పూర్వపు రాజులు తమ శాసనముల చివర, దీనిని చెరిపినవానికి మహాపాతకములు చుట్టునని వ్రాయించెడివారు. ఆ మాట యెవరికి? తమ కాలమువారికి మాత్రమే కాదు. ఇంకను పుట్టని మనకు. జరిగినదానిని మార్చుటకు వారొక్క యక్షరమును వ్యయము చేయలేదు. జరుగబోవుదానిని కాపాడుటకు రాతిని చెక్కించిరి. వారి కాలయంత్రమది. పదునాలుగు వందల యేండ్లు ముందునకు ప్రయాణము చేసి మాట మాటగానే దిగినది.

ఆ దృష్టితో చూచినచో ఈ చిత్రములో మా కత్యంత ముఖ్యముగా తోచిన కాలము 1526 కాదు, 2504. విజయనగరము కొల్లపోవుట జరిగిపోయినది. ఏ కృష్ణకుమారుడును దానిని ఆపలేడు. భూమి చెడి మనుష్యులు నేలక్రింద దాగవలసిన కాలము ఇంకను రాలేదు; రాకుండ చేయుట మిగిలియున్నది. మార్చదగిన చరిత్ర యనునది యొకటున్నయెడల అది యింకను వ్రాయనిది. ఈ మాట రాజ్యములు నేలువారికెంత వర్తించునో, పిల్లలను పెంచు మనకు నంత వర్తించును. మన యింట నేడు ఏ తలుపు చాటున ఏ పిల్ల మాట రాక నిలిచియున్నదో మనమే చూడవలెను. “పోతావా?” అని యొక్కసారి యడిగి, జవాబు రాలేదని సాగనంపక, రెండవసారి యడుగవలెను.

మా యమ్మాయి యిప్పుడు ఇడుపులపాయలో హాస్టలున నుండి చదువుకొనుచున్నది. ఇల్లు బోసిపోయిన మాట నిజము. సెలవుదినమున అది ఫోను చేసినప్పుడు మొదట అందుకొనువారు మా అత్తగారే. తిన్నావా, నిద్రించితివా యని అందరివలె అడుగరు. “ఈ వారము లెక్కలలో ఏమి చెప్పిరే?” అని యడుగుదురు. అది చెప్పుచుండగా, తమకు తెలిసినను తెలియకున్నను, తుదివరకు విందురు.